1938 రూపాయి 1939గా ఎలా మారింది: నాలుగు నాణేల లాట్‌పై కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక కలెక్టర్‌కు అమ్మకానికి వచ్చిన నాలుగు నాణేల లాట్ ఇది. "తాతగారి ఇనప్పెట్టెలోవి, విడివిడిగా ఇవ్వం" అన్నది అమ్మేవారి షరతు. లాట్‌లో మొదటిది ఆరో జార్జి తల ఉన్న 1939 రూపాయి. రెండోది అదే రాజు తలతో లాహోర్ టంకశాల వేసిన 1944 రూపాయి. మూడోది నిజాం కాలపు చార్మినార్ రూపాయి, నాలుగోది రామదర్బారు బొమ్మతో "ఈస్టిండియా కంపెనీ 1818" అని ఉన్న అణా. అడిగిన ధరలో దాదాపు అంతా మొదటి నాణెం మీదే ఉంది.

ఈ పొందికే ఒక హెచ్చరిక. ఖరీదైన నాణెం పక్కన నిఖార్సైనవి రెండు పెడితే చూసేవాడికి ఆ రెండింటి మీది నమ్మకం ఆ ఖరీదైనదాని మీదికి కూడా పాకుతుంది. లాట్‌ను లాట్‌గా చూడకుండా ఒక్కో నాణేన్ని విడిగా, ధర ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టి చూడాలి.

1939కి అంత ధర ఎందుకు

1938, 1939 రూపాయలు పాత ప్రమాణం ప్రకారం వేసినవి. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఒక్కో రూపాయిలో 165 గ్రెయిన్లు, అంటే 10.69 గ్రాములు శుద్ధ వెండి. రూపాయి బరువు సరిగ్గా ఒక తులం కాబట్టే పాతకాలంలో రూపాయి బిళ్లలనే తూకపు రాళ్లుగా వాడేవారు.

యుద్ధం వచ్చింది, వెండికి కటకట మొదలైంది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. మిగతా సగంలో రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం. బరువు మాత్రం 11.66 గ్రాములే. దొంగ నాణేలు వేసేవాళ్లను అడ్డుకోవడానికి అంచును కూడా మార్చారు. నిలువు గీతల మధ్యగా చుట్టూ ఒక గాడి, అందులో చిన్న నకాషీ ఉంటుంది. దాన్నే కలెక్టర్లు సెక్యూరిటీ ఎడ్జ్ అంటారు. పాత మేలిమి రూపాయల్ని ప్రభుత్వం దశలవారీగా వెనక్కి తీసుకుంది. ఆ వరసలో 1939 నాణేలు లక్షల్లో ముద్రించినా చేతుల్లో మిగిలినవి అతి కొద్ది. 1938 రూపాయి ఏ నాణేల ప్రదర్శనలోనైనా తేలిగ్గా దొరుకుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఒక్క అంకె. ఆ ఒక్క అంకెను మార్చగలిగితే ఎంత మిగులుతుందో మోసగాడికి బాగా తెలుసు.

దొంగ 1939 మూడు దారుల్లో పుడుతుంది. మొదటిది మొత్తం నాణేన్నీ కొత్తగా పోత పోయడం, లేదా కొత్త అచ్చుతో కొట్టడం. రెండోది 1940ల నాటి సగం వెండి రూపాయి మీద తేదీ మార్చడం. మూడోది 1938లో చివరి 8ని చెక్కి 9 చేయడం. బరువు, లోహం, అంచు పరీక్షలు మొదటి రెండింటినీ చాలావరకు పట్టేస్తాయి. మూడోదాన్ని అవి పట్టలేవు, ఎందుకంటే అక్కడ నాణెం అసలుదే, అబద్ధం తేదీలో మాత్రమే ఉంది. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ మూడో రకానికే. కాటా చూసి, అయస్కాంతం పెట్టి, "వెండే" అని తేల్చుకుని డబ్బు ఇచ్చేస్తారు.

కాటా, నీళ్లు, అయస్కాంతం

వాడిన సామాను: 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా, ప్లాస్టిక్ వెర్నియర్ (ఉక్కుదైతే అంచు మీద గీత పడుతుంది), సన్న నైలాన్ దారం, గాజు గ్లాసు, నియోడిమియం అయస్కాంతం, పదిరెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం (లూప్), ఫోనుకు తగిలించే యూఎస్‌బీ మైక్రోస్కోప్, వంగే మెడ ఉన్న టేబుల్ ల్యాంప్. కింద మెత్తటి బట్ట పరవాలి. నాణేన్ని అంచుతోనే పట్టుకోవాలి. ముఖం మీద వేలిముద్ర పడితే నెలల తర్వాత అది మరకగా తేలుతుంది.

1939 అని చెప్పిన నాణెం 11.52 గ్రాములు తూగింది. 11.66కి 0.14 తక్కువ. బాగా చేతులు మారిన రూపాయికి ఆ మాత్రం అరుగుదల మామూలే. నిగనిగలాడుతూ, రాజు కిరీటంలో రాళ్లన్నీ కనబడే నాణెం ఇంత తక్కువ తూగితే అప్పుడు అనుమానించాలి. అంచు మీద మామూలు నిలువు గీతలే ఉన్నాయి, గాడి లేదు. అంటే ఇది 1940ల నాణేన్ని మార్చింది కాదు. అయస్కాంతం అంటుకోలేదు. నాణేన్ని 45 డిగ్రీలు వాల్చి దాని మీద అయస్కాంతాన్ని వదిలితే జర్రున జారకుండా మెల్లగా దిగింది. వెండికీ రాగికీ విద్యుత్ వాహకత ఎక్కువ. అయస్కాంతం కదిలేటప్పుడు లోహంలో పుట్టే ప్రవాహాలు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతాయి. వెండిలా కనబడే రాగి, నికెల్, జింకు మిశ్రమమైన జర్మన్ సిల్వర్ మీద ఇంతగా నెమ్మదించదు.

తర్వాత సాంద్రత. గ్లాసులో నీళ్లు సగానికి పైగా పోసి కాటా మీద పెట్టి, కాటాను సున్నాకు తేవాలి. నాణేన్ని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోవాలి. అప్పుడు కాటా చూపేది నాణెం పక్కకు తోసిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇక్కడ నీటి బరువు 1.12 గ్రాములు. 11.52ను 1.12తో భాగిస్తే 10.29. 91.67 శాతం వెండికి లెక్క ప్రకారం రావాల్సింది 10.34. సగం వెండి మిశ్రమానికి సుమారు 9.5, జర్మన్ సిల్వర్‌కు 8.7 దగ్గర. మనది ఎటు వైపుందో స్పష్టమే.

ఈ పరీక్ష పాడయ్యేది బుడగల వల్ల. అక్షరాల సందుల్లో ఒక్క బుడగ చిక్కినా నీటి బరువు పెరిగి సాంద్రత తక్కువగా కనబడుతుంది, మంచి నాణెం చెడ్డదైపోతుంది. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, నాణేన్ని ఒకసారి ముంచి తీసి మళ్లీ ముంచితే చాలావరకు పోతాయి. పరీక్ష అయ్యాక మంచినీళ్లలో కడిగి, రుద్దకుండా బట్ట మీద ఆరబెట్టాలి. ఇంకో పరిమితి కాటాది. 0.01 గ్రాము కాటాలో చివరి అంకె ఒకటి అటూఇటూ అయితే 1.12 కాస్తా 1.11 లేక 1.13 అవుతుంది, సాంద్రత 10.38 నుంచి 10.19 దాకా ఊగుతుంది. కాబట్టి ఈ కాటాతో మేలిమి వెండినీ సగం వెండినీ విడదీయవచ్చు. 91.67నూ 92.5నూ విడదీయాలంటే కుదరదు. కనీసం మూడుసార్లు తూచి సగటు తీసుకోవాలి.

గీటురాయి జోలికి వెళ్లలేదు. కంసాలి దగ్గరికి తీసుకెళ్తే అంచున గీటు పెట్టి, ఆమ్లం వేసి వెండి అని చెబుతాడు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ ఆ గీటుతోనే నాణెం కలెక్టర్ విలువ పోతుంది.

ఇంతవరకు చూస్తే నాణెం నికార్సైన మేలిమి రూపాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

చివరి అంకె

ఇదే తేదీలో ఒక అసలైన 9 ఉండనే ఉంది, రెండో అంకె. చివరి 9ని చూడాల్సింది దాని పక్కన పెట్టి. లూప్‌లో చూడగానే తేడా తెలిసింది. మొదటి 9 తల పెద్దగా, గుండ్రంగా ఉంది. చివరిదాని తల దానికంటే చిన్నది. 8లో పై సున్న ఎప్పుడూ కింది సున్న కంటే చిన్నది. దాని కింది సున్నలో ఎడమ భాగాన్ని చెక్కేస్తే 9 తోక మిగులుతుంది, కానీ తలను పెద్దది చేయడం ఎవరి తరమూ కాదు. వెండిని తీసెయ్యగలరు గానీ పెంచలేరు కదా. తోక కూడా కుదరలేదు. మొదటి 9 తోక సన్నబడుతూ వంగింది, చివరిది ఒకే లావుతో వచ్చి మొద్దుగా తెగింది.

ఇక్కడ తొందరపడకూడదు. అచ్చు గుంటలో గ్రీజు, మురికి చేరితే అంకెలో కొంత భాగం నాణెం మీద పడకపోవచ్చు. అలా సగం పడిన 8 కూడా 9లా కనిపిస్తుంది. అది మోసం కాదు, టంకశాలలో జరిగిన లోపం. అరుగుదల వల్లా కొన్నిసార్లు అలాగే అవుతుంది. వీటిని విడదీసేది ఆ భాగం ముగిసిన తీరు. గ్రీజు వల్ల పడని చోట అంకె మెల్లగా పలచబడి, బొమ్మలూ అక్షరాలూ లేని చదును భాగమైన ఫీల్డ్‌లో కలిసిపోతుంది, కింద ఫీల్డ్ చదునుగానే ఉంటుంది. చెక్కిన చోట గోడలా తెగుతుంది.

ల్యాంప్‌ను బల్ల మట్టానికి దాదాపు ఆనించి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పాలి. పైనుంచి పడే వెలుతురులో కనబడనివన్నీ ఇప్పుడు నీడలతో బయటపడతాయి. చివరి అంకెకు ఎడమ కింద, 8 సున్న ఉండాల్సిన చోట, ఫీల్డ్ చిన్న పల్లంలా దిగింది. మైక్రోస్కోప్‌లో ఆ పల్లం అడుగున ఒకే దిశలో సన్నని సమాంతర గీతలు కనిపించాయి. చేతులు మారడం వల్ల పడే గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, అంకె పక్కన మాత్రమే గుంపుగా పడవు. రంగులోనూ తేడా ఉంది. నాణెం మొత్తం లేత బూడిద రంగులో ఉంటే తేదీ చుట్టూ మాత్రం చిక్కటి నలుపు. చెక్కినప్పుడు తెల్లగా బయటపడిన వెండిని గంధకంతో నల్లబరిచి ఉంటారు. ఆ నలుపు ఏ మూలకూ పాకకుండా తేదీ దగ్గరే ఆగిపోవడం సహజంగా జరగదు.

అతికించిన అంకె అయ్యే అవకాశాన్నీ చూశాం. నాణేన్ని శుద్ధమైన అసిటోన్‌లో కొన్ని గంటలు ఉంచితే సూపర్ గ్లూ లాంటి జిగురు మెత్తబడి ఊడుతుంది. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో నూనెలూ రంగులూ కలుస్తాయి. కిటికీ తెరిచి, మంటకు దూరంగా, గాజు పాత్రలో చేయాలి. అసిటోన్ వెండిని ఏమీ చేయదు, రుద్దనంతవరకు నాణేనికి హాని లేదు. ఇక్కడ ఏదీ ఊడలేదు. కాబట్టి అతుకు కాదు, చెక్కుడే.

తేల్చింది ఫొటో. అనుమానం లేని ఒక 1938 రూపాయిని అదే దూరంలో, అదే కోణంలో ఫొటో తీసి, సగం పారదర్శకంగా చేసి దీని మీద పరిచాం. సరిచూసుకోవడానికి ఇండియా అనే ఇంగ్లిష్ మాటలోని అక్షరాలు ఆధారం. అవి కుదరగానే మన నాణెం చివరి అంకెలో మిగిలిన ప్రతి గీతా 1938లోని 8 మీద అచ్చంగా కూర్చుంది. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ ధ్రువీకరించిన 1939 ఫొటో మీద పరిస్తే తల దగ్గరే తప్పింది. ఫొటో ఏటవాలుగా తీస్తే ఈ పని పనికిరాదు. ఫోనును స్టాండ్‌కు బిగించి, లెన్స్ నాణేనికి సరిగ్గా ఎదురుగా ఉండేలా చూసుకోవాలి.

నిర్ణయం: అసలైన 1938 రూపాయి, తేదీ మార్చింది.

మిగతా మూడు

1944 రూపాయి విషయం త్వరగా తేలింది. బరువు 11.62, నీటి బరువు 1.22, సాంద్రత 9.52. సెక్యూరిటీ ఎడ్జ్ ఉంది. సగం వెండి నాణేనికి ఇవన్నీ సరిపోతాయి. అమ్మేవారు దీన్ని కూడా మేలిమి లెక్కలో వేశారు, నిజానికి ఇందులో వెండి 5.8 గ్రాములే. సాంద్రత తక్కువ వచ్చిందని దీన్ని దొంగ నాణెమనే వాళ్లూ ఉన్నారు. ఏ సంవత్సరానికి ఏ మిశ్రమమో తెలియకుండా కాటా పట్టుకుంటే ఇలాగే అవుతుంది.

చార్మినార్ రూపాయి ఈ నాలుగింటిలో చూడముచ్చటైనది. ముందు వైపు చార్మినార్, మధ్య కమానులో ఒక అక్షరం. ఆ అక్షరం "మీమ్" అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, "ఐన్" అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఇది ఐన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. ఇక్కడ తెలుగువాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది. మన సున్నలా గుండ్రంగా కనబడేది ఆ నాణేల మీది అరబ్బీ అంకెల్లో అయిదు, సున్న అంటే చిన్న చుక్క. ఈ నాణెం మీద హిజ్రీ 1337. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారు 1919, అసలు లెక్కలో 1918-19.

దీని ప్రమాణ బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మనది 11.10 తూగింది, నీటి బరువు 1.09, సాంద్రత 10.18. రావాల్సింది 10.17. నిజాం రాజ్యపు ఈ రూపాయిలో, అంటే హాలీ సిక్కా రూపాయిలో, శుద్ధ వెండి 9.14 గ్రాములు, బ్రిటిష్ రూపాయిలో 10.69. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు అన్న పాత మారకం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రెండు అంకెలను భాగిస్తే తెలుస్తుంది.

లోపం అంచున దొరికింది. పైభాగంలో, మినార్ల మీదుగా, అంచు గీతలు అర సెంటీమీటరు మేర పూడుకుపోయి ఉన్నాయి, పక్కన బూడిద రంగు టంకం మచ్చ. ఒకప్పుడు కొక్కెం అతికించి హారంలో వేసుకున్న నాణెం ఇది. తెలంగాణలో లంబాడీ నగల్లోనూ, ఊళ్లలో మెడ దండల్లోనూ వెండి రూపాయలు విరివిగా వాడారు, అందుకే ఈ మచ్చ ఇక్కడి నాణేల మీద తరచూ కనిపిస్తుంది. ఆకురాయితో దాన్ని అరగదీసి అమ్మేవాళ్లున్నారు. కొనేముందు అంచును చుట్టూ తిప్పి చూడటం ఎన్నడూ మానకూడదు. నాణెం అసలుదే, కానీ ధర దెబ్బతిన్న నాణేనిదే.

రామదర్బారు అణా మీద ఎక్కువ సమయం పెట్టలేదు. ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 తేదీతో, దేవుళ్ల బొమ్మలతో వచ్చే ఈ అణాలేవీ కంపెనీ వేసినవి కావు. దేవాలయ టోకెన్లను అనుకరిస్తూ తర్వాతి కాలంలో చేసిన సరుకు. కంపెనీ దేవుడి బొమ్మ అసలు వేయలేదా అంటే, వేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ పగోడా నాణేల మీద విష్ణుమూర్తి ఉన్నాడు, అక్కడి కొన్ని నాణేల మీద తెలుగు అక్షరాలూ ఉన్నాయి. ఆ నిజం వల్లే ఈ అబద్ధానికి నమ్మిక కుదురుతోంది. ఇంట్లో ఉంటే ఉంచుకోవచ్చు, డబ్బు పెట్టి కొనడానికి మాత్రం ఏమీ లేదు.

గ్రేడు

నాణెం ఎంత అరిగిందో అంకెల్లో చెప్పే షెల్డన్ స్కేల్ 1 నుంచి 70 దాకా. వాడుకలో వీఎఫ్ (వెరీ ఫైన్) అంటే 20–35, ఎక్స్ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్) 40–45, ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, దాదాపు వాడనిది) 50–58, ఆ పైన 60 నుంచి వాడని నాణేలు. ఆరో జార్జి రూపాయిలో ముందుగా అరిగేవి కిరీటం మీది రాళ్లు, చెవి పైన జుట్టు, కనుబొమ్మ. 1944 నాణెంలో కిరీటం వివరాలన్నీ ఉన్నాయి, ఎత్తయిన చోట్ల మాత్రమే మెరుపు పోయింది. అది ఏయూ కిందికి వస్తుంది. చెక్కిన 1938లో జుట్టు కలిసిపోయింది, చెవి నిలిచింది. తేదీని ముట్టుకోకుండా ఉంటే వీఎఫ్ అయ్యేది.

నాణేన్ని మెరుపు చూసి గ్రేడు చేయకూడదు. చింతపండు, విభూతి, కుంకుడు రసం పెట్టి తోమిన వెండి రూపాయి మన ఇళ్లలో ఎక్కువ. తోమిన నాణేన్ని వెలుతురులో తిప్పితే మెరుపు చక్రంలా తిరగదు, అద్దంలా ఒకేసారి మెరిసి ఒకేసారి ఆరిపోతుంది. లూప్‌లో సన్న గీతలు నిండా కనిపిస్తాయి. గ్రేడింగ్ సంస్థలు వీటికి అంకె ఇవ్వవు, "డీటెయిల్స్" అని రాసి పెడతాయి. తేదీ మార్చినదానికి మామూలు గ్రేడు ఎలాగూ రాదు, కాబట్టి ఈ 1939ని పంపితే రుసుమూ కొరియర్ ఖర్చూ దండగ.

గ్రేడింగ్ సంస్థలు పెట్టెలో సీలు చేసిన నాణేలనూ గుడ్డిగా నమ్మకూడదు, ఆ పెట్టెలకూ నకళ్లున్నాయి. దాని మీది నంబరును ఆ సంస్థ, అంటే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ సైట్‌లో కొట్టి, అక్కడున్న ఫొటోలోని గీతలూ మచ్చలూ చేతిలోని నాణెం మీద ఉన్నాయో లేదో పోల్చాలి. నంబరు కలవడం ఒక్కటే చాలదు, నకలు చేసేవాడు అసలు నంబరునే ముద్రిస్తాడు.

కొనుగోలు ఎలా ముగిసింది

అమ్మేవారికి ఫొటోలు చూపించి, లాట్‌ను విడగొట్టమని అడగడం జరిగింది. మొదట ఒప్పుకోలేదు. రెండు 9ల తలలను పక్కపక్కన పెట్టిన ఫొటో చూశాక ఒప్పుకున్నారు. అమ్మేవారికే తెలియకపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి మాటను నాణెం మీదే ఉంచాలి, మనిషి మీదికి తేకూడదు. 1944 రూపాయికి ఏయూ ధర, చార్మినార్‌కు కొక్కెం మచ్చ తగ్గించి ధర కుదిరాయి. అణా వెనక్కి వెళ్లింది. చెక్కిన 1938ని కలెక్టర్ అందులోని వెండి విలువకే, అంటే 11.52 గ్రాముల్లో 91.67 శాతం, సుమారు 10.56 గ్రాముల లెక్కకే తీసుకున్నారు. రసీదు మీద ప్రతి నాణేనికీ సంవత్సరం, బరువు, లోపం విడివిడిగా రాయించారు. మొదటి నాణెం ఎదురుగా "1938, తేదీ మార్చినది" అని ఉంది.

చార్మినార్ రూపాయిని అమెరికాలో ఉన్న బంధువుకు పంపాలన్న ఆలోచన అక్కడే ఆగింది. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. గ్రేడింగ్ కోసమైనా అంతే. 1944 నాణేనికి ఆ అడ్డు లేదు.

"పాత నాణెం ఇస్తే లక్షలు" అనే ఫోన్లు ఈ లాట్ విషయంలోనూ వచ్చాయి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి, ముందు కమిషనో పన్నో కట్టమనేవాళ్లు మోసగాళ్లని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర ముందస్తు రుసుము అడగడం అన్నది నాణేల వ్యాపారంలో ఎక్కడా లేదు.

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడకూడదు. కొన్నేళ్లకు అవి జిగటగా పచ్చటి పొర వదులుతాయి, అది వెండిని తినేస్తుంది. మైలార్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చిన్న కవర్లు, అంటే ఫ్లిప్‌లు కాస్త గట్టిగా ఉంటాయి, హాని చేయవు. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక దగ్గర ఉంచితే గంధకం వల్ల నల్లబడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో డబ్బాలో సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే మార్చాలి. చెక్కిన 1938ని మిగతావాటితో కలపకుండా వేరే ఫ్లిప్‌లో పెట్టి, రెండు వైపులా కనబడేలా చీటీ అతికించారు. మైక్రోస్కోప్ ఫొటో ప్రింటును దాని వెనకే ఉంచారు, రేపు ఆ పెట్టె వారసుల చేతికి వెళ్తే వాళ్లు దాన్ని 1939 అనుకుని అమ్మకుండా.